టెక్సాస్‌లో గన్‌కి పర్మిట్ అక్కర్లేదట, కానీ ఎవరికి?

ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో కొడుకు ఇంటికి వచ్చిన అమ్మానాన్నలు గ్యాస్ స్టేషన్‌లో నడుముకి పిస్టల్ పెట్టుకుని కాఫీ పోసుకుంటున్న మనిషిని చూసి ఒక్క క్షణం ఆగిపోతారు. పోలీసు కాదు, సెక్యూరిటీ గార్డూ కాదు, మామూలు మనిషే. "ఇక్కడ పర్మిట్ అక్కర్లేదమ్మా, ఎవరైనా పెట్టుకోవచ్చు" అంటాడు కొడుకు. ఆ మాటలో మొదటి సగం నిజమే. రెండో సగంలో ఉన్న "ఎవరైనా" మాత్రం నిజం కాదు, ఆ ఒక్క మాటని నమ్మినందుకే బయటి నుంచి వచ్చినవాళ్లు చిక్కుల్లో పడతారు, వీసా మీద ఉన్నవాళ్లయితే ఇంకా పెద్ద చిక్కుల్లో.

అసలు చట్టం ఏం చేసిందో ముందు చూడాలి. టెక్సాస్ శాసనసభ 2021లో హెచ్‌బీ 1927 అనే బిల్లు పాస్ చేసింది, గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం పెట్టారు, అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఇల్లూ కారూ దాటి బయట హ్యాండ్‌గన్ (పిస్టల్, రివాల్వర్ లాంటి చిన్న తుపాకీ) పెట్టుకుని తిరగాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ ఉండాలి, లేకపోతే నేరం. కొత్త చట్టం ఆ నేరాన్ని మాత్రమే తీసేసింది, అదీ 21 ఏళ్లు నిండి, రాష్ట్ర చట్టం ప్రకారమూ ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం ప్రకారమూ గన్ దగ్గర పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేనివాళ్లకి. దాడి చేసి గాయపరచడం, చంపుతానని బెదిరించడం లాంటి కొన్ని కేసుల్లో గత ఐదేళ్లలో శిక్ష పడినవాళ్లకి ఈ వెసులుబాటు లేదు. గన్ బయటికి కనిపించేలా ఉంటే అది హోల్‌స్టర్‌లోనే, అంటే తుపాకీ ఒరలోనే, ఉండాలి. 21 ఏళ్ల షరతు మీద ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది, 18 నుంచి 20 ఏళ్లవాళ్లని ఆపడం రాజ్యాంగానికి విరుద్ధమని 2022 ఆగస్టులో తీర్పొచ్చింది, రాష్ట్రం అప్పీలు వేసి మళ్లీ వెనక్కి తీసుకుంది.

గమనించాల్సిన విషయం ఏమిటంటే, టెక్సాస్ నివాసి అయి ఉండాలని ఈ చట్టం ఎక్కడా అడగదు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అమెరికన్ పౌరుడికైనా అదే వెసులుబాటు. ఈ ఒక్క వాక్యం చదివి "విజిటర్లకి కూడా ఓకే" అనుకుంటారు చాలామంది. కానీ విజిటర్ అనే మాట మనవాళ్ల నోట వేరు, ఆ చట్టం రాసినవాళ్ల మనసులో వేరు. వాళ్ల లెక్కలో విజిటర్ అంటే ఓక్లహోమా నుంచి కారేసుకుని వచ్చినవాడు. మన లెక్కలో విజిటర్ అంటే శంషాబాద్‌లో విమానం ఎక్కి బీ2 వీసా మీద దిగిన నాన్నగారు.

టెక్సాస్ ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోవడం కూడా పొరపాటు. 1871లోనే ఆ రాష్ట్రం పిస్టల్ పెట్టుకుని తిరగడాన్ని నిషేధించింది, ఆ నిషేధం దాదాపు నూటపాతికేళ్లు నిలబడింది. 1991 అక్టోబర్ 16న కిల్లీన్ అనే ఊళ్లో లూబీస్ అనే హోటల్లోకి ఒకడు ట్రక్కుతో దూసుకొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. ఆ రోజు అక్కడే ఉన్న సుజానా హప్ తన రివాల్వర్‌ని చట్టానికి భయపడి కారులోనే వదిలి లోపలికి వెళ్లారు, కళ్ల ముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నారు. తర్వాత ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పి, చట్టం మారేదాకా ఊరుకోలేదు. 1995లో అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ లైసెన్స్ ఉంటే గన్ దాచిపెట్టుకుని తిరగొచ్చనే చట్టం మీద సంతకం చేశారు. 2016 జనవరి నుంచి లైసెన్స్ ఉన్నవాళ్లు బయటికి కనిపించేలా కూడా పెట్టుకోవచ్చన్నారు. 2021లో ఆ లైసెన్సూ తప్పనిసరి కాదన్నారు. రైఫిల్ లాంటి పొడుగు తుపాకుల సంగతి వేరే, వాటికి అక్కడ మొదటినుంచీ లైసెన్స్ గొడవ లేదు.

ఒక్క టెక్సాసే కాదు, 2024 నాటికి 29 రాష్ట్రాలు ఈ దారిలోకి వచ్చాయి. వెర్మాంట్‌లో 1903 నాటి కోర్టు తీర్పు నుంచీ పర్మిట్ అనే మాటే లేదు, అలాస్కా 2003లో, అరిజోనా 2010లో, ఫ్లోరిడా 2023లో, లూసియానా, సౌత్ కరోలినా 2024లో చేరాయి. పేరు ఒకటే అయినా లోపలి సరుకు రాష్ట్రానికో రకం. వయోపరిమితి కొన్నిచోట్ల 18, కొన్నిచోట్ల 21. వ్యోమింగ్‌లో 2021 దాకా ఈ సౌకర్యం ఆ రాష్ట్రం వాళ్లకే ఉండేది. అందుకే ఒక రాష్ట్రంలో నేర్చుకున్న రూల్‌ని పక్క రాష్ట్రంలో వాడకూడదు.

ఇక మనవాళ్లకి అసలైన చోటు. రాష్ట్రం లైసెన్స్ అడగకపోయినా ఫెడరల్ చట్టం అనేది ఒకటుంది, అది 50 రాష్ట్రాల్లోనూ నడుస్తుంది. ఎవరి దగ్గర గన్ ఉండకూడదో దాంట్లో ఒక జాబితా ఉంది: పెద్ద నేరాల్లో శిక్ష పడ్డవాళ్లు, డ్రగ్స్ వాడేవాళ్లు, చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్నవాళ్లు, ఇలా. అదే జాబితాలో నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. అంటే బీ1, బీ2 మీద వచ్చిన అమ్మానాన్నలు, ఎఫ్1 మీద చదువుకుంటున్న పిల్లలు, హెచ్1బీ, ఎల్1 మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు, హెచ్4 మీద ఉన్న భార్యలు, భర్తలు అందరూ. పదేళ్లుగా టాక్స్ కడుతున్నా, ఇల్లు కొనుక్కున్నా, గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఎన్నేళ్లుగా నిలబడినా హెచ్1బీ హెచ్1బీయే. గన్ కొనడం సంగతి అటుంచండి, దగ్గర పెట్టుకోవడమే నేరం, ఒక్క తూటా ఉన్నా నేరమే. 2022 జూన్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ఈ నేరానికి గరిష్ఠ శిక్షని పదేళ్ల నుంచి పదిహేనేళ్లకి పెంచింది.

టెక్సాస్ చట్టం కూడా "ఫెడరల్ చట్టం ప్రకారం అడ్డు లేనివాళ్లకి" అనే అంటోంది కాబట్టి ఇక్కడ రెండు చట్టాల మధ్య గొడవేమీ లేదు. పర్మిట్ అక్కర్లేదనే తలుపు వీసా మీద ఉన్నవాళ్ల కోసం తెరవనే లేదు, అంతే.

దీనికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఎక్కువగా వినిపించేది హంటింగ్ లైసెన్స్. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ చేతిలో ఉంటే పై నిషేధం వర్తించదని చట్టంలోనే రాసుంది. టెక్సాస్‌లో అయితే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర దాన్ని కొనుక్కోవచ్చు. అందుకే "హెచ్1బీ అయినా పర్లేదు, ఒక హంటింగ్ లైసెన్స్ తీసుకో" అనే సలహా స్నేహితుల మధ్య తిరుగుతూ ఉంటుంది. సలహా తప్పు కాదు, కానీ సగమే చెప్తోంది. టెక్సాస్ వేట లైసెన్స్ సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1న రెన్యూ చేయడం మర్చిపోతే అల్మారాలో తాళం వేసి పెట్టిన గన్ కదలకుండానే ఫెడరల్ నేరం అయిపోతుంది. వేటకి వెళ్లడానికో షూటింగ్ రేంజ్‌లో గురిచూసి కాల్చడానికో ఈ మినహాయింపు వాడుకోవడం ఒక ఎత్తు, దాన్నే నమ్ముకుని రోజూ నడుముకి పెట్టుకుని బజారుకి వెళ్లడం ఇంకో ఎత్తు. ఒక చిన్న కాగితం గడువు మీద వీసానీ ఉద్యోగాన్నీ పిల్లల చదువునీ వేలాడదీసే ముందు, ఇమిగ్రేషన్ కూడా తెలిసిన లాయర్‌కి గంట ఫీజు కట్టి మాట్లాడటం అన్నివిధాలా మంచిది.

రేంజ్ అనగానే గుర్తుకు రావాల్సిన కేసు ఒకటుంది. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకి వచ్చిన రెహైఫ్ అనే విద్యార్థి మార్కులు సరిగ్గా రాక యూనివర్సిటీ నుంచి బయటపడ్డాడు, దాంతో స్టేటస్, అంటే చట్టబద్ధంగా దేశంలో ఉండే అర్హత, పోయింది. తర్వాత ఒక రేంజ్‌కి వెళ్లి గన్ తీసుకుని టార్గెట్ మీద కాల్చాడు. ఎవరినీ బెదిరించలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఫెడరల్ కేసు పడింది, జైలు శిక్ష పడింది, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాను నిషేధిత జాబితాలో ఉన్నానని ఆ మనిషికి తెలుసని ప్రభుత్వం నిరూపించాల్సిందేనని 2019లో కోర్టు తేల్చింది. అంటే అతనికి కొంత ఊరట దొరికింది నిజమే, కానీ "నాకు తెలియదు" అనే మాట పనిచేస్తుందో లేదో తేలడానికి అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. డల్లాస్‌లోనో లాస్ వేగాస్‌లోనో "ఒకసారి సరదాగా కాల్చి చూద్దాం" అని రేంజ్‌కి వెళ్లే గుంపులో ఎవరి స్టేటస్ ఏమిటో ఒక్కసారి ఆలోచించుకోవాలి. కౌంటర్‌లో డ్రైవింగ్ లైసెన్స్ చూసి గన్ చేతికిచ్చారంటే చట్టం ఒప్పుకుందని కాదు. అద్దెకి తీసుకున్న గన్ పది నిమిషాలు చేతిలో ఉన్నా, దగ్గర ఉన్నట్టే లెక్క.

ఇంట్లో సంగతి ఇంకా సున్నితం. కొడుకో అల్లుడో సిటిజన్ అయ్యాడు, ఇంట్లో గన్ ఉంది, అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. పగలంతా ఇంట్లో వాళ్లే ఉంటారు. సేఫ్ తాళం, కోడ్ వాళ్లకి చెప్పకపోవడమే మంచిది, ఎందుకంటే చట్టంలో "దగ్గర ఉండటం" అంటే చేత్తో పట్టుకోవడమే కాదు, కావాలనుకుంటే తీసుకోగలిగే అధికారం, ఉద్దేశం ఉండటం కూడా దాని కిందికే రావచ్చు. నాన్నగారి చేతికిచ్చి ఫోటో తీసి ఊళ్లో బంధువుల గ్రూపులో పెట్టడం అసలే వద్దు. నిషేధం ఉందని తెలిసి, లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉండీ, అలాంటి మనిషికి గన్ ఇచ్చినవాళ్లది కూడా నేరమే. వీసా మీద ఉన్న ఫ్రెండ్ కోసం తన పేరు మీద కొనిపెట్టడం అయితే స్ట్రా పర్చేజ్ అనే వేరే నేరం, దానికీ పదిహేనేళ్ల దాకా శిక్ష ఉంది. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేస్తే టెక్సాస్ చట్టం ప్రకారం అది ఇంకో నేరం.

గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్లకి ఫెడరల్ నిషేధం లేదు, కొనొచ్చు, టెక్సాస్‌లో పెట్టుకుని తిరగొచ్చు. కానీ పౌరుడికీ వాళ్లకీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. గన్‌కి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపేయొచ్చని ఇమిగ్రేషన్ చట్టం చెప్తోంది. పౌరుడికి జరిమానాతో పోయే తప్పు ఇరవై ఏళ్ల జీవితాన్ని ఊడబెరికేయగలదు. కాబట్టి గ్రీన్‌కార్డ్ చేతికొచ్చిన ఉత్సాహంలో "ఇప్పుడు మనకీ హక్కుంది" అనుకునేవాళ్లు, ఆ హక్కు ఎక్కడ ఆగిపోతుందో మిగతావాళ్లకంటే ఎక్కువగా తెలుసుకోవాలి.

ఎక్కడ ఆగుతుంది అనే ప్రశ్న దగ్గరే పర్మిట్ లేని క్యారీ (లైసెన్స్ లేకుండా గన్ వెంట పెట్టుకుని తిరగడం) అసలు స్వభావం బయటపడుతుంది. లైసెన్స్ క్లాసులో నాలుగు నుంచి ఆరు గంటలు కూర్చోబెట్టి ఎక్కడ పెట్టుకోవచ్చో, ఎక్కడ కూడదో, ఎప్పుడు కాల్చొచ్చో చెప్పేవారు, రాత పరీక్ష, కాల్చే పరీక్ష పెట్టేవారు. లైసెన్స్ తప్పనిసరి కాదనగానే ఆ క్లాసూ తప్పనిసరి కాకుండా పోయింది, క్లాసులో చెప్పిన రూల్స్ మాత్రం ఒక్కటీ పోలేదు. అన్నీ వాటి చోట అలాగే ఉన్నాయి, తెలుసుకోవడం మాత్రం మన బాధ్యత అయింది.

ఉదాహరణకి టెక్సాస్ షాపుల తలుపుల మీద కనిపించే బోర్డులు. 30.06 అని ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లు దాచిపెట్టుకుని కూడా రాకూడదని, 30.07 అంటే వాళ్లు కనిపించేలా పెట్టుకుని రాకూడదని, 30.05 అంటే లైసెన్స్ లేకుండా గన్ పెట్టుకున్నవాళ్లు రాకూడదని. ఈ అంకెలన్నీ అక్కడి శిక్షాస్మృతిలో సెక్షన్ నంబర్లు. బోర్డు చూసుకోకుండా లోపలికి వెళ్తే మామూలుగా 200 డాలర్ల దాకా జరిమానాతో పోతుంది, వెళ్లిపొమ్మని నోటితో చెప్పినా కదలకపోతే అది ఏడాది జైలు దాకా వెళ్లగల కేసు. ఎర్ర అక్షరాలతో 51% అని ఉంటే ఆ చోటి ఆదాయంలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం మీద వస్తోందని అర్థం, అలాంటి బార్‌లోకి గన్‌తో వెళ్లడం పెద్ద నేరం. స్కూళ్లు, పోలింగ్ కేంద్రాలు, కోర్టులు, ఆస్పత్రులు, ఆటల మ్యాచ్‌లు, ఎయిర్‌పోర్ట్ చెకింగ్ దాటిన భాగం, వీటన్నిటికీ వేర్వేరు నిషేధాలున్నాయి. తాగి మత్తులో బయట గన్ పెట్టుకుని తిరగడాన్ని కూడా ఈ 2021 చట్టమే నేరం చేసింది.

యూనివర్సిటీలు మన పిల్లలకి దగ్గర విషయం కాబట్టి విడిగా చెప్పాలి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2016 ఆగస్టు 1 నుంచి క్యాంపస్ క్యారీ, అంటే క్యాంపస్‌లో గన్ వెంట పెట్టుకునే అనుమతి, ఉంది. 1966లో సరిగ్గా అదే తేదీన ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్ ఎక్కి ఒకడు జనాన్ని కాల్చాడు, అంటే ఆ ఘోరానికి 50 ఏళ్లు నిండిన రోజే ఇది మొదలైంది. అయితే క్యాంపస్‌లో గన్ ఉండాలంటే ఇప్పటికీ లైసెన్స్ కావాలి, దాచే ఉంచాలి. పర్మిట్ లేని క్యారీ క్యాంపస్ గేటు దగ్గర ఆగిపోతుంది.

స్కూళ్ల విషయంలో అయితే ఫెడరల్ చట్టం ఇంకో అడుగు ముందుకెళ్తుంది. స్కూల్ ఆవరణకి 1,000 అడుగుల లోపల గన్ ఉండటమే నేరం అంటుంది. శాన్ ఆంటోనియోలో ఒక హైస్కూల్ విద్యార్థి గన్‌తో స్కూల్‌కి వచ్చిన కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది, కాంగ్రెస్ మరుసటి ఏడాదే మాటలు మార్చి మళ్లీ తెచ్చింది. దీంట్లో ముఖ్యమైన మినహాయింపు ఎవరికి? ఆ స్కూల్ ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకి. లైసెన్సే లేకుండా తిరిగేవాడికి ఆ రక్షణ లేదు. డల్లాస్ దగ్గరి ప్లేనోలో పది నిమిషాలు కారు నడిపితే ఏదో ఒక స్కూల్ పక్కనుంచి వెళ్లకుండా కుదరదు. గన్‌లో తూటాలు తీసేసి తాళం వేసిన పెట్టెలో పెడితే వేరే సంగతి. టెక్సాస్ లైసెన్స్‌ని ఇంకా చాలామంది తీసుకుంటున్నారంటే ఇలాంటి కారణాలున్నాయి. ఫీజు 40 డాలర్లే, చాలా ఇతర రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో బ్యాగులో మర్చిపోయిన గన్ దొరికినా, లైసెన్స్ ఉన్నవాళ్లు చెప్పిన వెంటనే వెనక్కి వెళ్లిపోతే టెక్సాస్ చట్టంలో వాళ్లకి రక్షణ ఉంది, లేనివాళ్లకి లేదు. ఈ మర్చిపోవడం అరుదైన విషయం కాదు, 2024లో దేశం మొత్తం మీద ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌ల దగ్గర 6,678 గన్‌లు దొరికాయి, ఎక్కువగా దొరికిన చోట్లలో డల్లాస్ ఎయిర్‌పోర్ట్ ఒకటి.

న్యూజెర్సీ నుంచి డల్లాస్‌లో పెళ్లికి వచ్చిన తెలుగు అమెరికన్ పౌరుడి పరిస్థితి కూడా పైకి కనిపించినంత సులువు కాదు. టెక్సాస్‌లో పెట్టుకుని తిరగొచ్చు, కానీ తనది వేరే రాష్ట్రం కాబట్టి అక్కడి షాపులో హ్యాండ్‌గన్ కొనుక్కుని చేత్తో పట్టుకెళ్లడం కుదరదు. ఉన్నదాన్ని కారులో తీసుకెళ్తుంటే, దారిలో వచ్చే ప్రతి రాష్ట్రమూ వేరే చట్టం. బయల్దేరిన చోటా చేరే చోటా అది చట్టబద్ధం అయి ఉండి, గన్ ఖాళీగా డిక్కీలో చేతికందకుండా ఉంటే 1986 నాటి ఫెడరల్ చట్టం దారిలో కాపాడుతుంది, అంతే. 2013లో ఫిలడెల్ఫియా నుంచి వెళ్తున్న ఒక మహిళని న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసులు ఆపారు, ఆమె పెన్సిల్వేనియా లైసెన్స్ ఉందని చెప్పి, గన్ ఉందని కూడా నిజాయితీగా తనే చెప్పింది. ఆ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లదు. మూడున్నరేళ్ల జైలు శిక్ష పడే పరిస్థితి వచ్చి, చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే గానీ బయటపడలేదు.

ఇక గన్ జోలికే వెళ్లని విజిటర్‌కి ఇదంతా ఎందుకు? చూసింది ఏమిటో అర్థం కావడానికి. హోల్‌స్టర్‌లో ఉన్న గన్ అక్కడ చట్టబద్ధం, దాన్ని చేతిలోకి తీసి జనం భయపడేలా చూపించడం చట్టబద్ధం కాదు, అలా కనిపిస్తే దూరంగా జరిగి 911కి ఫోన్ చేయాలి. రోడ్డు మీద ఎవరితోనూ పంతానికి పోకూడదు, అవతలి కారులో గన్ ఉండొచ్చనే అనుకోవాలి. పోలీసులు కారు ఆపితే కిందికి దిగకుండా, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి, రాత్రయితే లోపలి లైటు వేసి, కాగితాలు తీసే ముందు చెప్పి తీయాలి. పక్క సీట్లో ఉన్న పెద్దవాళ్లకి ఈ మాట ముందే చెప్పి ఉంచాలి, వాళ్లు అలవాటుగా డోర్ తీసి దిగిపోతారు.

2023 మే 6న డల్లాస్ దగ్గర ఆలెన్‌లో మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లలో మన తెలుగు అమ్మాయి కూడా ఉందని తెలిసి రెండు రాష్ట్రాల్లోనూ జనం తల్లడిల్లిపోయారు. అలాంటి రోజున "మన దగ్గర కూడా ఒకటి ఉంటే" అనిపించడం మనిషికి సహజం. ఆ ఆలోచన తప్పని ఎవరూ అనలేరు. కానీ హెచ్1బీ మీద ఉన్న మనిషి ఆ భయంతో తీసుకునే నిర్ణయం కుటుంబాన్ని ఇంకో రకం ప్రమాదంలోకి నెడుతుందని అదే రోజు చెప్పేవాళ్లు కూడా పక్కన ఉండాలి.

చివరగా తిరుగు ప్రయాణం. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌నే విమానానికి వాడితే, పక్క జేబులో ఎక్కడో మిగిలిపోయిన ఒక్క తూటా చాలు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా దగ్గర ఉండటం కూడా కేసే. తెలిసే పెట్టుకున్నారా, తెలియకుండా ఉండిపోయిందా అనేది కోర్టులు చూస్తాయి, కానీ ఆ మాట కోర్టులో చెప్పుకునేలోపు విమానం వెళ్లిపోతుంది, పాస్‌పోర్టు స్టేషన్‌లో ఉంటుంది. సూట్‌కేసులు సర్దే రోజు పచ్చళ్ల డబ్బాలు తెచ్చిన బ్యాగులతో సహా అన్ని జేబులూ తిరగేసి దులిపి, ఆ తర్వాతే బట్టలు పెట్టండి.